అందరికీ స్పష్టమైన విజన్

శుక్రవారం ఉదయం పది గంటలకు విజన్ సభ, పదకొండుకు టీ, పన్నెండుకు ఉప్మా, ఒంటిగంటకు హైదరాబాద్ మేడమ్‌ను కారెక్కించడం. సోమవారం పొద్దున్నే ఎబినేజర్ సారు ఇదంతా నల్లబల్ల మీద రాసి కింద రెండు గీతలు కొట్టారు. ముప్పై ఏళ్లు హెడ్మాస్టరుగా చేసిన మనిషి. బల్ల మీద రాసిన పని జరగకుండా పోదని ఆయన గట్టి నమ్మకం.

ఆయన నడిపే మోదుగ సేవా సంఘం ఆఫీసు ఒక రేకుల షెడ్డు. మణుగూరు దాటాక బొగ్గు లారీల రోడ్డు వదిలి అడవి వైపు తిరిగితే మొదట కనబడేది అదే. చుట్టుపక్కల గూడేల నుంచి, తండాల నుంచి అరవై మంది ఆడవాళ్లు వచ్చి అక్కడ మిషన్ల మీద అడ్డాకు విస్తర్లు కుడతారు. ఎనిమిదేళ్లు పని జోరుగా సాగింది. రెండేళ్లుగా మాత్రం పట్నాల నుంచి ఆర్డర్లు తగ్గాయి, పంపిన కట్టలు కూడా తిరిగొస్తున్నాయి. సాయం చేసేవాళ్లంతా కాలం బాగా లేదని చేతులెత్తేశారు. ఆ చుట్టుపక్కలే మరో మూడు సంఘాలు బోర్డులు దించేశాయి.

అలాంటి రోజుల్లో హైదరాబాద్‌లోని ఒక ట్రస్టు నుంచి ఉత్తరం వచ్చింది. ఈ ఏడాది సాహసోపేతమైన విజన్ ఉన్న సంస్థలకే చేయూత ఇస్తామని, తమ ఆఫీసరు స్వయంగా వచ్చి చూస్తారని అందులో ఉంది. అది చదివి ఎవరైనా నీరుగారిపోతారు. ఎబినేజర్ సారు మాత్రం పదిరోజులు కూర్చుని నలభై రెండు పేజీల విజన్ పత్రం రాశారు.

"సర్, ఆర్డర్లు లేక మిషన్లు ఖాళీగ ఉంటున్నయి. ముందు ఈ నెల ఎట్ల గడుస్తదో చూసుకుందాం. చిన్నగ ఆలోచిద్దాం సర్" అంది ఆఫీసు పనులన్నీ చూసుకునే గ్రేస్.

"కష్టకాలంలనే పెద్దగ ఆలోచించాలె గ్రేసమ్మా. కాలం మంచిగున్నప్పుడు ఎవ్వరైన ఆలోచిస్తరు" అంటూ సారు ఫోన్ తీసి, మణుగూరులో ఫ్లెక్సీలు వేసే భాస్కర్‌కు కలిపారు.

"భాస్కర్, విజన్ సభ పెడుతున్నం. పెద్ద ఫ్లెక్సీ కావాలె. 'మోదుగ సేవా సంఘం, అందరికీ స్పష్టమైన విజన్' అని రాయి."

"మంచి పని పెట్టుకున్నరు సార్. మా అమ్మ గూడ అడుగుతుండె. ఫ్రీయేనా?"

"సభకు టికెట్ పెడతరా ఎక్కడన్న? ఫ్రీయే."

"పెద్దోళ్లు రావచ్చా?"

"పెద్దోళ్లే రావాలె. మావోళ్లందరు నలభై దాటినోళ్లే గద."

"డాక్టర్ ఏడికెళ్లి వస్తున్నడు సార్?"

సరిగ్గా అప్పుడే షెడ్డు పక్క నుంచి లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. మొదటి మాట హారన్‌లో కలిసిపోయి, 'ఏడికెళ్లి వస్తున్నడు' అన్నదొక్కటే సారుకు వినపడింది. "హైదరాబాద్‌కెళ్లి మేడమ్ వస్తున్నది" అని చెప్పి ఫోన్ పెట్టేశారు.

సాయంత్రానికి భాస్కర్ నమూనా ఫోటో పంపాడు. అడవి అంచున సిగ్నల్ సంగతి తెలిసిందే, ఫోటో తెరుచుకోకుండా గుండ్రంగా తిరుగుతూనే ఉంది. ఫ్లెక్సీలో చూసేదేముందిలే అనుకుని సారు బొటనవేలు బొమ్మ పంపేశారు.

భాస్కర్ మనసు పెట్టి చేశాడు. ఫ్లెక్సీ నడిమధ్య గుమ్మడికాయంత కన్ను, ఆ పక్కన కళ్లద్దాలు పెట్టుకుని నవ్వుతున్న ముసలమ్మ, కింద "ఉచితం, టిఫిన్ కలదు". దాన్ని తీసుకెళ్లి నేరుగా బద్యా ఆటోకు కట్టాడు. మైకు పెట్టి ఊరూరా ప్రచారం చేసే పని సారు బద్యాకు అప్పగించారు. బద్యాకు ఆ ఫ్లెక్సీ తప్ప వేరే సమాచారం లేదు. మొదటి తండాలో "కండ్ల పరీక్షలు" అన్నాడు. అక్కడెవరో అద్దాలు కూడా ఇస్తారా అని అడిగితే రెండో ఊరి నుంచి అద్దాలు చేర్చాడు. నాలుగో ఊరికి వచ్చేసరికి హైదరాబాద్ పెద్ద డాక్టరమ్మ దిగింది. పన్నెండో ఊరు చేరేలోగా ఆమె చెయ్యి పడితే చాలు, పోయిన చూపు తిరిగొస్తుందన్న మాట బద్యా ఆటో కంటే ముందు అక్కడికి చేరిపోయింది.

శుక్రవారం తొమ్మిది గంటలకే షెడ్డు ముందు నాలుగొందల మంది ఉన్నారు. ట్రాక్టర్ల మీద వచ్చినవాళ్లు, నడిచి వచ్చినవాళ్లు, ఒకరి భుజం ఒకరు పట్టుకుని వరసగా వచ్చినవాళ్లు. స్కూటీ దిగిన ఎబినేజర్ సారుకు కళ్లు చెమర్చాయి.

"చూసినవా గ్రేసమ్మా! విజన్ అంటే జనానికి ఎంత ఆకలున్నదో!"

"సర్, ఉప్మా అరవై మందికే చెప్పినం."

దేవ్లా తాత కర్ర పొడుచుకుంటూ సారు దగ్గరికి వచ్చాడు. "సారూ, ముందుగాల కుడి కన్ను చూపియ్యాల్నా, ఎడమ కన్నా?"

"రెండు కండ్లు తెరుచుకోని వినాలె తాతా" అన్నారు సారు ఆప్యాయంగా.

"వినుడేంది? చెవులు గూడ చూస్తరా?"

సారు నవ్వబోయి ఆగిపోయారు. దేవ్లా వెనకాల, బద్యా ఆటో నుంచి విప్పి గేటుకు కట్టిన ఫ్లెక్సీలోంచి గుమ్మడికాయంత కన్ను ఆయన్నే చూస్తోంది.

సారు గేటు దగ్గరికి వెళ్లి ఫ్లెక్సీని పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివారు. మూడోసారి చదువుతుండగా కారు వచ్చి ఆగింది. ట్రస్టు ఆఫీసరు భార్గవి కాలు కింద పెట్టిందో లేదో జనం ఆమెను చుట్టేశారు. విస్తర్లు కుట్టే సవరమ్మ అందరినీ తోసుకుంటూ ముందుకు వచ్చి, వేలితో కింది రెప్ప లాగి కన్ను ఆమె ముఖానికి ఆనించినంత పని చేసింది.

"చూడు డాక్టరమ్మా, పొద్దుగాల లేస్తే మసకమసకగ ఉంటున్నది."

"అమ్మా, నేను డాక్టర్‌ని కాదు. ప్రోగ్రాం ఆఫీసర్‌ని!"

"డాక్టర్ల మీద ఆఫీసరంట" అని సవరమ్మ వెనక్కి తిరిగి అందరికీ చెప్పింది. జనం ఇంకొంచెం దగ్గరికి జరిగారు.

ఎబినేజర్ సారు కుర్చీ ఎక్కారు. జరిగిన తప్పు చెప్పి, చేతులు జోడించి, అందరినీ వెనక్కి పంపేయాలని ఎక్కారు. నోరు తెరవబోతుండగా ముందు వరసలో ఉన్న ఇద్దరు అక్కాచెల్లెళ్లు కనబడ్డారు. ఇద్దరికీ అరవై దాటి ఉంటాయి. చెల్లెలికి దారి కనబడదు. అక్క కొంగు వేలికి చుట్టుకుని, వాగు దాటి, పది కిలోమీటర్లు నడిచొచ్చింది. కాళ్లకు ఇంకా బురద ఆరలేదు. సారు తెరిచిన నోరు మూసుకుని కుర్చీ దిగారు.

"మేడమ్, తప్పు మాదే. మేం విజన్ అంటే వీళ్లు చూపు అనుకున్నరు. వీళ్లను ఇట్ల పంపియ్యలేను. నా పత్రం ఇవ్వాళ చదువుడు కాదు. మీరు కోపమొచ్చి పోతానంటె నేనేమనను" అన్నారు భార్గవితో. ఆమె జవాబు కోసం చూడకుండానే మణుగూరులో కళ్లద్దాల షాపు నడుపుతున్న జెస్సికాకు ఫోన్ కలిపారు. జెస్సికా కంటి పరీక్షల కోర్సు చదివిన అమ్మాయి.

"అమ్మా జెస్సికా, నాలుగొందల మంది ఉన్నరు. జల్దీ రావాలె."

"నాలుగా సార్?"

"వందలమ్మా."

అరగంటలో జెస్సికా రెండు అట్టపెట్టెలతో దిగింది. వాటి నిండా దగ్గరి చూపు అద్దాలు. "పాత మోడళ్లు సార్. షాపుల దుమ్ము పట్టే బదులు వీళ్ల ముక్కుల మీదుంటె మంచిదే" అంది. ఆ తొందరలో అక్షరాల చార్టు మాత్రం షాపు గోడకే ఉండిపోయింది.

"చార్టున్నా అందరికి చదువు రాదు. వాళ్లకు బాణాలసొంటివి చూపియ్యాలె సార్. ఎటు పోతున్నయో చెప్తరు."

"బాణాలా?" ఎబినేజర్ సారు ముఖం వెలిగింది. "మన దగ్గర ఉన్నయే బాణాలు!"

విజన్ సభ కోసం ఆయన సిద్ధం చేసిన ప్రొజెక్టర్ బొమ్మలు తెల్లగుడ్డ మీద పడ్డాయి. సంఘం ఆదాయం, ఆర్డర్లు, విరాళాలు, ఒక్కోదానికి ఈ రెండేళ్లకూ ఏడాదికొక బాణం. దేవ్లా తాతను నేల మీద గీసిన గీత దగ్గర నిలబెట్టారు.

"ఈ బాణం ఎటు పోతున్నది తాతా?"

"కిందికి."

"ఇది?"

"ఇదీ కిందికే."

"మరి ఇది?"

"సారూ, అన్ని కిందికే పోతున్నయి. ఒక్కటన్న పైకి పెట్టకపోయిన్రా?"

"నీ చూపు మస్తుగున్నది తాతా. మరెందుకొచ్చినవ్?" అంది జెస్సికా.

"టిఫినున్నదని మైకుల చెప్పిండ్రు గద."

వెనకున్నవాళ్లు కూడా చూడకుండానే "కిందికే" అనడం మొదలుపెట్టేసరికి గ్రేస్ లేచి ప్రొజెక్టర్‌ను తలకిందులుగా పెట్టింది. రెండేళ్ల తర్వాత మోదుగ సంఘం ఆదాయం ఒక్కసారిగా ఆకాశానికి లేచింది.

ఇంతలో పరీక్షకు కూర్చున్న ఒక అవ్వకు రెండో కన్ను మూసుకోవడం రావడం లేదు. ఒకటి మూస్తే రెండూ మూతపడుతున్నాయి. అప్పటిదాకా గోడ పక్కన నిలబడి చూస్తున్న భార్గవి ముందుకు వచ్చి, చేతిలో ఉన్న నలభై రెండు పేజీల విజన్ పత్రాన్ని అవ్వ ఎడమ కంటికి అడ్డం పెట్టింది. మందంగా ఉండటం వల్ల వెలుతురు చుక్క కూడా రాలేదు. ఆ తర్వాత మధ్యాహ్నం వరకు ఆమె ఆ కుర్చీ దగ్గరి నుంచి కదలలేదు. కంట్లో పొర వచ్చినవాళ్ల పేర్లు గ్రేస్ విడిగా రాసుకుంది, దవాఖానాకు తీసుకుపోవడానికి. అక్క కొంగు పట్టుకుని వచ్చిన చెల్లెలి పేరు అందులో మొదటిది.

పన్నెండున్నరకు ఉప్మా వడ్డించారు. సవరమ్మ తన కుట్టు మిషన్ల జట్టుతో ఇంకో రెండు పెద్ద డేగిసాల ఉప్మా వండి దించింది కాబట్టి సరిపోయింది. విస్తర్లకు కొదవ లేదు, తిరిగొచ్చిన కట్టలు గోడవార గుట్టగా ఉన్నాయి. సవరమ్మ కొత్త గులాబీరంగు అద్దాలు పెట్టుకుని దర్జాగా కూర్చుని ముద్ద కలిపింది. ముద్ద నోటికి పోయేలోగా ఉప్మాలోని పోపు గింజలు ఆకు సందులోంచి ఒళ్లో రాలాయి. విస్తరి ఎత్తి చూసింది. తిప్పి చూసింది.

"ఇదెవరు కుట్టింది? కుట్టు చూడు, పాము పోయిన తీరుగున్నది! ఆకు ఒక దిక్కు, దారం ఒక దిక్కు! ఎవరమ్మా గీ పని చేసింది?"

 గ్రేస్ మెల్లగా వచ్చి కట్ట మీదున్న చీటీ చూసింది.

"నువ్వేనత్తా. ఆరో నంబర్ మిషన్."

సవరమ్మ అద్దాలు తీసి విస్తరి చూసింది. మళ్లీ పెట్టుకుని చూసింది. "అద్దాలు లేకుంటె మంచిగనే కనబడ్తున్నది గద" అంది గొంతు తగ్గించి.

జెస్సికా మిగతా యాభై తొమ్మిది మందిని కూడా పిలిచి చేతికి సూదీదారం ఇచ్చింది. సూది బెజ్జంలో దారం ఎక్కించగలిగినవాళ్లు పదకొండు మంది. మిగిలినవాళ్లు అద్దాలు పెట్టగానే ఎక్కించారు. ఒకరిద్దరు ఎక్కించిన దారాన్ని పీకేసి, ఆనందం కొద్దీ మళ్లీ ఎక్కించారు.

భార్గవి విజన్ పత్రం తెరిచి పదిహేడో పేజీ పైకే చదివింది. "ఉత్పత్తుల తిరస్కరణకు ప్రధాన కారణం ప్రపంచ ఆర్థిక మాంద్యం."

ఎబినేజర్ సారు చేతిలో ఉన్న ఉప్మా కింద పెట్టారు. ముప్పై ఏళ్లు పిల్లల తప్పులు దిద్దిన మనిషి, తన తప్పు ఒప్పుకోవడానికి ఒక్క నిమిషమే తీసుకున్నారు.

"రెండేండ్ల సంది ప్రపంచంతోటి కొట్లాడుతున్న మేడమ్. పక్కనే కూసున్న సవరమ్మను ఒక్క మాట అడగలే."

"అడిగినా చెప్పకపోదును సారూ. కనబడ్తలేదంటె పని తీసేస్తరేమోనని భయమైతుండె" అంది సవరమ్మ. ఆ మాటకు పక్కనున్న ఆడవాళ్లంతా తల దించుకున్నారు.

 సారు లేచి నల్లబల్ల దగ్గరికి వెళ్లి పాత కార్యక్రమమంతా తుడిచేసి, పైకి చెబుతూ కొత్తది రాశారు. "ప్రతి గూడెంల, ప్రతి తండల ఇద్దరు ఆడోళ్లు. జెస్సికా నేర్పిస్తది. దగ్గరి చూపు వాళ్లే పరీక్ష చేస్తరు, పొర ఉన్నోళ్లను దవాఖానాకు వాళ్లే తోల్కపోతరు. ముందుగాల సవరమ్మ."

"నాకు చదువు రాదు సారూ."

"బాణాలు వచ్చు గద!"

భార్గవి నవ్వుతూ బల్లను ఫోటో తీసుకుంది. "సార్, మీ నలభై రెండు పేజీలకు మా ట్రస్టు ఒక్క పైసా ఇవ్వదు. నేను రాసి ఇస్తా. ఈ బల్ల మీద ఉన్నదానికి మాత్రం గట్టిగా అడుగుతా."

"అడగండి మేడమ్. ఇది పథకం వేసి చేసింది కాదు, ఫ్లెక్సీ తప్పు పడి జరిగిందని గూడ రాయండి. అబద్ధం వద్దు."

ఆమె అలాగే రాసింది. సారు తన వంతుగా లారీ హారన్‌తో సహా జరిగిందంతా విడమరిచి మరో ఉత్తరం పంపారు. ట్రస్టు చేయూత మంజూరైంది, రెండు నెలలు తిరిగేసరికి పన్నెండు ఊళ్లలో ఇరవై నాలుగు మంది ఆడవాళ్లు మెడలో కొలత టేపు, చేతిలో అద్దాల పెట్టెతో తిరుగుతున్నారు. షెడ్డులో కుట్లు తిన్నగా పడుతున్నాయి. పంపిన కట్టలు పంపిన చోటే ఉంటున్నాయి. వాగవతలి చెల్లెలు ఆపరేషన్ చేయించుకుని, మళ్లీ ఒకసారి వచ్చి, ఎబినేజర్ సారు ముఖం చూసి "ఇంత నల్లగున్నవా సారూ" అని వెళ్లింది.

ట్రస్టు వాళ్లు రెండు ఉత్తరాలూ శ్రద్ధగా చదివి, ఆ ఏడాది అత్యుత్తమ ముందస్తు ప్రణాళికకు ఇచ్చే జ్ఞాపికను మోదుగ సేవా సంఘానికి ప్రకటించారు.