ఆరో బండిల్‌లో లోపం

నవల చదవడం ఒంటరిగా చేసుకునే పని అనుకునేవాళ్ళు బొమ్మనహళ్ళిలో ఏనాడూ గార్మెంట్స్ పనికి పోయినవాళ్ళు కారు. అక్కడ ఒక చొక్కాను నలభై మంది కుడతారు. ఒక్కరే కుడితే దాన్ని ఉత్పత్తి అనరు, సొంత పని అంటారు. తొంభై ఎనిమిదిలో ఒక ఫ్యాక్టరీ మూడో లైనులోకి లావుపాటి తెలుగు నవల ఒకటి వచ్చి పడినప్పుడు, దానికీ అదే న్యాయం జరిగింది.

అట్ట ఊడిపోయి వచ్చింది కాబట్టి దాని పేరేమిటో ఎవరికీ తెలియదు. ఎక్కడో సముద్రం నడుమ దీవిలో, చెరకు తోటలకు అమ్ముడుపోయిన బానిస కుటుంబం కథ. ముత్తవ్వ మొదలుకొని మునిమనవడి దాకా ఉంది. గుండీలు సరిచూసే టేబుల్ దగ్గరి చౌడమ్మ తనను తానే పంపిణీ అధికారిగా నియమించుకొని (పోటీకి ఎవరూ నిలబడలేదు), దాన్ని ఆరు ముక్కలుగా కత్తిరించి, మిగులు గుడ్డతో ఒక్కోదానికీ అట్ట కుట్టించింది. చొక్కా ముక్కల కట్టను బండిల్ అంటారు గనుక ఇవీ బండిళ్ళే అయ్యాయి. ప్రతి బండిల్‌కూ ఒక టికెట్ వేలాడదీశారు: చదివినవారి పేరు, తేదీ, కనిపించిన లోపం.

మూడు రోజుల్లో తిరిగివ్వాలి. వరుస అడగరాదు, ఏది ఖాళీగా ఉంటే అదే తీసుకోవాలి (కాలర్ కుట్టే మనిషి చొక్కా చేతుల కోసం ఎదురుచూస్తుందా?). కథలో జరగబోయేది బయటపెట్టినవారి మధ్యాహ్నం పచ్చడి జప్తు. కన్నీళ్ళు పడితే పీసు రిజెక్టు కాబట్టి, ఏడవదలచినవారు క్యాంటీన్‌కు పోయి ఏడవాలి. ఈ పద్ధతి వల్ల అదే లైనులో కుట్టే రామక్కకు మునిమనవడు ముందు పుట్టాడు, ముత్తవ్వ ఆ తర్వాతి వారం పుట్టింది. రామక్క ఏమీ అనుకోలేదు.

కదిరి పక్క పల్లె నుంచి వచ్చిన హేమలతకు ఏడో తరగతితో బడి ఆగిపోయింది. ఆమెకు మొదట దొరికింది మూడో బండిల్. అందులో ఒక తల్లి చెరకు నరుకుతుండగా ఆమె బిడ్డను నది అవతలి తోటకు అమ్మేస్తారు. ఆ రోజు నుంచి హేమలతకు అన్నం సయించలేదు. ఆమెకూ ఏడాదిన్నర అంజి ఉన్నాడు, కింది అంతస్తులో బిడ్డల గదిలో. వాడు తుమ్మితే చాలు, ఆమెకు తెలిసిన జబ్బులన్నీ గుర్తొస్తాయి. ఆ తల్లీబిడ్డలు మళ్ళీ కలుస్తారో లేదో ఆరో బండిల్‌లో ఉంది.

"రామక్కా, నువ్వు చదివినావు కదా. కలిసినారో లేదో, తల ఊపితే చాలు."

"తల ఊపినా పచ్చడి పోతాదిలే," అంది రామక్క. "ఈ పొద్దు గోంగూర."

ఆరో బండిల్ హేమలత వంతుకు రావలసిన రోజునే ఫ్లోర్ ఇన్‌చార్జి అశ్వత్థప్ప దాన్ని కుట్టని కాలర్ల కింద పట్టుకున్నాడు. పనివేళ పుస్తకం నేరం. ఆ నేరం ఎంత తీవ్రమైనదో తేల్చడానికి ఆయన దాన్ని ఇంటికి తీసుకుపోయి పది రోజులు చదివాడు.

పదకొండో రోజు మధ్యాహ్నం ఆయా కబురు పంపింది, అంజికి ఒళ్ళు కాలిపోతోందని. బిడ్డల గదికి పోవాలన్నా, మరుగుదొడ్డికి పోవాలన్నా అశ్వత్థప్ప టేబుల్ పక్కన మేకుకు వేలాడే చెక్క టోకెన్ కావాలి. లైను మొత్తానికి ఒకటే టోకెన్ (మనుషుల ఒళ్ళు వంతులవారీగా పనిచేస్తుందని యాజమాన్యం నమ్మకం). హేమలత పోయేసరికి మేకు ఖాళీగా ఉంది. అశ్వత్థప్ప కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వు మూడోది చదివినావంట కదమ్మా. నా దగ్గర కడాది, ఆరోదే ఉండాది. ఆ బిడ్డ తల్లికి ఎట్ల దూరమాయ? ఇంట్లో ఆమె దినామూ అడుగుతాంది."

"సార్, అంజికి జ్వరం..."

"టోకెన్ వచ్చేలోగా చెప్పమ్మా."

హేమలత చెప్పింది. బిడ్డ ఏడుస్తోందని ఎవరో వచ్చి చెప్పారు. తల్లి కొడవలి కింద పెట్టి, ఒక్కసారి చూసొస్తానని మేస్త్రీని అడిగింది. ఆ సాలు అయినాక చూద్దామన్నాడు వాడు. సాలు అయిపోయి పోయేసరికి గుడిసెలో బిడ్డ లేదు.

అశ్వత్థప్ప ముక్కు చీదుకున్నాడు. "ఏం మనిషప్పా వాడు. కన్నతల్లి అడిగితే ఒక్క నిమిషం పంపేదానికేమి?"

"అవును సార్. నేను పోయి రానా?"

"టోకెన్ రానీమ్మా. రూలు నేను పెట్టింది కాదు కదా."

అంతటితో ఊరుకోక, సొరుగు తెరిచి ఆరో బండిల్ ఆమె చేతిలో పెట్టాడు. మూడో లైను చరిత్రలో జప్తయిన వస్తువు తిరిగి రావడం అదే మొదలు. అందరూ ఆయన మెత్తని మనసును మెచ్చుకున్నారు.

ఆమె వంతు టోకెన్, షిఫ్టు ముగిసిన గంట కలిసే వచ్చాయి. అంజిని భుజాన వేసుకొని ఆమె డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. అక్కడ కూడా టోకెన్లే, కానీ ఎందరు వస్తే అన్ని ఇస్తారు. మందు పడి, వాడి ఒళ్ళు చల్లబడి, ఒళ్ళో నిద్రపోయాక ఆమె బండిల్ తెరిచింది.

కలిశారు. తల నెరిశాక, యజమాని రాసిచ్చిన ఒక రోజు సెలవు చీటీ పట్టుకొని, ఆ తల్లి నది దాటి పోయి బిడ్డను చూసుకొని వచ్చింది.

మర్నాడు చౌడమ్మ టికెట్ వంక చూసి నొసలు చిట్లించింది. "ఏందే హేమా, ఈ బండిల్‌కు ఇంతవరకు ఎవురూ లోపం రాయలేదే?"

లోపం గడిలో గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: "కథ బాగుంది. బిడ్డను చూసి వచ్చేదానికి ఒక బానిసకు రోజంతా సెలవిచ్చినారని రాసినారు. అది నమ్మేట్టుగా లేదు."