ఎర్ర రిబ్బన్ మంచం

ఆ రోజు కొత్త నర్సు డ్యూటీకి చాలా ముందే వచ్చేసింది. పక్షవాతం వచ్చినవాళ్లనీ, తుంటి ఎముక విరిగినవాళ్లనీ మళ్లీ నడిపించే వార్డది. ఎవరిని ఇద్దరు పట్టుకుని లేపాలో, ఎవరికి ఒక చెయ్యి ఆసరా చాలో, ఎవరు వాకర్‌తో సొంతంగా తిరగగలరో ఆమె బుర్రలో నిలవడం లేదు. నిన్న చకచకా నడిచే పెద్దాయనొకరిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి వార్డంతా తిప్పింది. ఆయన మర్యాదస్తుడు, చివరిదాకా నోరు మెదపలేదు. పెద్ద సిస్టర్ మెదిపింది.

“రేపు మధ్యాహ్నం దాకా చూస్తానమ్మా. అప్పటికీ ఇంతే అయితే వెనక్కి పంపించేస్తా.”

అందుకే ఈ ఉపాయం. ఇద్దరి సాయం కావలసినవాళ్ల మంచానికి ఎర్ర రిబ్బన్, ఒకరు చాలినవాళ్లకు పసుపు, సొంతంగా నడిచేవాళ్లకు ఆకుపచ్చ. కట్టడం అయ్యాక దూరంగా నిలబడి చూసుకుని మురిసిపోయింది. రంగుల అర్థం మంచం మీదున్నవాళ్లకు చెప్పాలన్న సంగతి మాత్రం ఆమెకు తట్టలేదు.

“ఏమ్మాయ్, నాకు ఎరుపేమిటి?” అన్నాడు రిటైరైన హెడ్‌మాస్టారు.

“జాగ్రత్త కోసం మాస్టారూ.”

“సర్వీసంతా పిల్లల్ని ఎర్ర సిరాతో పరీక్ష తప్పించినవాణ్ణి. ఎరుపంటే ఏమిటో నాకు చెబుతావా?”

ఆమె జవాబు చెప్పేలోగా ఎవరో పిలిచారు. పక్క మంచం బామ్మగారు మాత్రం తన ఆకుపచ్చ రిబ్బన్‌ను నిమిరి చూసుకుని, వెంటనే కొడుక్కి ఫోన్ చేసింది. “ఒరేయ్, నన్ను ఇంటికి పంపేస్తున్నార్రా. బండి తీసుకురా. కోడల్ని కూడా రమ్మను, సామాను మొయ్యాలి.”

అంతలో హెడ్‌మాస్టారి భార్య ఫలహారం డబ్బాతో వచ్చింది. బామ్మగారు ఆమె చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది. “ధైర్యంగా ఉండు తల్లీ. ఆయనకు ఎరుపు కట్టారు. మీవాళ్లకు కబురు పెట్టుకో.”

కబురు కాళ్లకు చక్రాలు కట్టుకుని పరుగెత్తింది. పెద్ద సిస్టర్ వచ్చేసరికి ఒక పక్క సంచులు సర్దే కొడుకూ కోడలూ, మరో పక్క ముక్కులు తుడుచుకునే బావమరుదులూ, మధ్యలో గంపెడు బంధుజనం.

“ఎవరు పోయారు?” అంది పెద్ద సిస్టర్.

కొత్త నర్సు ముందుకొచ్చింది. “ఎవరూ పోలేదు సిస్టర్... నేనే పోయేట్టున్నాను.”

“కాదు, నేనట!” మంచం మీంచి గర్జించాడు హెడ్‌మాస్టారు. “నన్నే తప్పిస్తారా? ఆ ఫిజియోని పిలవండి!”

ఇన్నాళ్లుగా ‘ఒక్కసారి లేవండి సార్’ అని బతిమాలి, ‘రేపు చూద్దాంలే’ అనిపించుకుంటున్న ఫిజియో చెప్పులు సరిగా తొడుక్కోకుండానే వచ్చాడు. అతనూ, కొత్త నర్సూ చెరో పక్క పట్టుకున్నారు. ఆమెకు ఈసారి తడుముకోవలసిన పని లేకపోయింది: ఎరుపు, ఇద్దరు. హెడ్‌మాస్టారు వణుకుతూ లేచి, పళ్లు బిగించి, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ భార్య ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

ఆవిడ ఏడుపు టక్కున ఆగిపోయింది. “లేవగలిగి కూడానా ఇన్నాళ్లూ నాచేత నోట్లో ముద్దలు పెట్టించుకున్నారు?”

బంధువులు నవ్వాలో వద్దో తెలియక తలుపు వైపు నడిచారు. బామ్మగారికి ఇంకా కొన్నాళ్లు ఉండాలని తెలిసి, కోడలు సంచులు విప్పడంలో చూపిన చురుకు సర్దడంలో చూపలేదు.

పెద్ద సిస్టర్ కొత్త నర్సును పక్కకు పిలిచింది. “వెనక్కి పంపుదామనే అనుకున్నా. కానీ నిన్ను ఇంకో వార్డు నెత్తిన పెడితే వాళ్లు జన్మలో నాతో మాట్లాడరు. ఇక్కడే ఏడువు. ముందు వెళ్లి ఏ రంగుకు ఏం అర్థమో అందరికీ చెప్పు.”

ఉద్యోగం ఖాయమైందని ఆమె అమ్మకు ఫోన్ చేసి చెప్పింది. ఎందుకు ఖాయమైందో అమ్మ అడగలేదు, ఆమె చెప్పలేదు.