గడ్డి బిడ్డ

గబ్బిలం పరీక్ష నెగ్గి, పిల్లను పొట్టకు కరిపించుకుని కిటికీలోంచి ఎగిరిపోయాక, పశువుల ఆఫీసు బంట్రోతు దేముడమ్మను లోపలికి పిలిచాడు.

కొత్త ఉత్తర్వు ప్రకారం, ఏ తల్లి అయినా పిల్లకు పాలివ్వాలంటే తాను పాలిచ్చే జంతువునని ముందుగా రుజువు చేసుకోవాలి. తిమింగలం మెట్లెక్కలేదు గనక అధికారులే ప్రయాణ భత్యం తీసుకుని సముద్రపుటొడ్డుకు వెళ్లి పాస్ చేసి వచ్చారు. పావురం మాత్రం తప్పింది. అదీ పాలే పడుతుంది గానీ గొంతులోంచి పడుతుంది. గొంతు వ్యవహారం వేరే శాఖది. దేముడమ్మ రొయ్యలు ఒలిచే షెడ్డులో కూలీ. పాసైతే మధ్యాహ్నం ఇంటికెళ్లి నాలుగు నెలల కూతురికి పాలిచ్చి రానిస్తారు. లేకపోతే పిల్లకు డబ్బాపాలే గతి.

డాక్టరు పట్నాయక్ గారు ఆమె ఒళ్లో గడ్డి కుక్కిన బొమ్మను పెట్టారు. దూడ చచ్చిపోతే, దాని తోలులో గడ్డి కుక్కి గేదె ముందు నిలబెట్టి పాలు పితకడం ఆ ప్రాంతంలో పాత పద్ధతే. ఆఫీసువారు దాన్నే అందరికీ వర్తింపజేశారు.

"నా పిల్ల బయటే మా అత్త సేతిలో ఉంది బాబూ. దాన్ని తెచ్చీమంతారా?"

"సొంత పిల్లకైతే ఎవరికైనా పాలొస్తాయమ్మా. అది ప్రేమ. మాకు కావలసింది రుజువు."

బయట పిల్ల ఏడ్చింది. దేముడమ్మ జాకెట్టు తడిసింది. పట్నాయక్ గారు చిరాకుపడి కిటికీ మూయించారు. ఆ తర్వాత బొమ్మను ఎంతసేపు హత్తుకున్నా పాలు చేపుకు రాలేదు.

"పొద్దున గేదె కూడా ఇంత బెట్టు చెయ్యలేదు. బొమ్మను తీసుకెళ్లి ఇంటి దగ్గర సాధన చేసి వచ్చే నెల రా."

ఆమె సాధన చేసింది. కూతురిని అత్త దగ్గర పడుకోబెట్టి, తాను గడ్డి బొమ్మను పక్కలో వేసుకుంది. పిల్ల ఏడిస్తే చెవులు మూసుకుంది. మొదట్లో తనమీద తనకే అసహ్యం వేసింది. పోనుపోను గడ్డి వాసన తగిలితే చాలు, గుండెలు బరువెక్కసాగాయి.

రెండోసారి అవలీలగా పాసైంది. పట్నాయక్ గారు స్వయంగా చప్పట్లు కొట్టారు. షెడ్డు మేస్త్రీ మాట తప్పకుండా, మధ్యాహ్నం కాగానే ఇంటికి పంపించాడు.

దేముడమ్మ పరుగున వచ్చి కూతురిని ఒళ్లోకి తీసుకుంది. పిల్ల ఆత్రంగా నోరు పెట్టి లాగింది. చుక్క రాలేదు. మళ్లీ లాగి, కెవ్వుమంది.

"రావట్లేదే అత్తా!" అంటూ దేముడమ్మ బావురుమంది.

అత్త కాసేపు గుమ్మంలోనే నిలబడి చూసింది. ఆమె చిన్నప్పటి నుంచీ గేదెలను మేపిన మనిషి. గొడ్లపాకలోకి వెళ్లి గుప్పెడు ఎండుగడ్డి తెచ్చి, మనవరాలి చొక్కాలో కుక్కింది.

అప్పుడు పాలొచ్చాయి.