మొదటినుంచి చెప్పమనే మహోపకారం

ఆస్పత్రుల్లో డాక్టర్లు మాటిమాటికీ మారిపోతారనీ, వచ్చిన ప్రతి కొత్త డాక్టరూ "మొదటినుంచి చెప్పండి" అంటారనీ కొందరు విసుక్కుంటారు. వాళ్ళకు కృతజ్ఞత తెలియదు. మన గోడు వినే నాథుడు దొరకని ఈ రోజుల్లో, టోకెన్ ఇచ్చి, పేరు పెట్టి పిలిచి, కూర్చోబెట్టి మరీ కథ చెప్పించుకునే చోటు ఇంకొకటి ఉందా?

నేను పదకొండేళ్ళుగా చెబుతున్నాను. కథ మా అమ్మాయిది. పుట్టి నెల దాటినా కామెర్లు తగ్గలేదు. దొడ్డికి వెళ్తే సుద్దముక్క రంగు. "బడిపంతులుగారి పిల్ల కదా మరి!" అని చుట్టాలు నవ్వారు. తీరా చూస్తే పిత్తనాళం మూసుకుపోయి ఉంది. కాలేయంలో ఊరిన పైత్యరసానికి బయటికి దారి లేదు. యాభై ఎనిమిదో రోజున సర్జన్ గారు పేగును తీసుకెళ్ళి కాలేయానికే కుట్టి కొత్త దారి వేశారు. "నా పని అయింది, ఇక మీ కాపలా మొదలు" అన్నారు. ఆ దారిలో సూక్ష్మజీవులు ఎదురెక్కి వస్తాయట. కాబట్టి మా ఇంట్లో మామూలు జ్వరం అనేది ఉండదు. జ్వరమొస్తే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి, నరంలోకి మందు ఎక్కాలి.

చూశారా, ఎంత పొందిగ్గా చెప్పానో! మొదట్లో ఇదే కథకు నాకు అరగంట పట్టేది. ఇరవై ఏళ్ళుగా బడిలో పిల్లలకు సంక్షిప్తరచన నేర్పుతున్నాను. నాకు నేర్పింది మాత్రం ఆస్పత్రివాళ్ళే.

శ్రోతల్లో ఎంత వైవిధ్యమో! ఒకాయన శీర్షికలు మాత్రమే వింటారు. ఇంకొకావిడ ఒంటివేలితో టైపు చేస్తారు, ఆవిడకు డిక్టేషన్ వేగంలో చెప్పాలి. ఒకసారి ఒక కుర్ర డాక్టరు సగం విని, "ఒరేయ్, ఇటు రండ్రా, మంచి కేసు!" అని కేకేస్తే మరో ఆరుగురు వచ్చారు. మా అమ్మాయి చొక్కా కొంచెం పైకెత్తి, కోట చూపించే గైడులా "ఇక్కణ్ణించి ఇక్కడిదాకా కుట్లు" అని చూపించింది. వాళ్ళు వెళ్ళాక, "రేపట్నుంచి టికెట్ పెడదామా నాన్నా?" అంది.

నిజం చెప్పాలంటే ఈ విద్యలో మా ఇంటి పండితురాలు నా భార్య. తేదీలు, మోతాదులు, ఏ స్కాన్‌లో ఏం తేలింది, అన్నీ ఆమెకు నోటికి వచ్చు. ఆమె చెబుతుండగా నేను ఒక మాట కలపబోతే, "మీరు కాసేపు ఆ సంచి పట్టుకోండి. మధ్యలో విశేషణాలు వేస్తారు" అనేది. నేను సంచి పట్టుకునేవాణ్ణి.

రెండేళ్ళ కిందట ఆస్పత్రికి కొత్త కంప్యూటర్ సిస్టమ్ వచ్చింది. పాత కాగితాలన్నీ ఇస్తే ఎక్కిస్తామన్నారు. ఇచ్చాం. ఆ కాగితాలు స్కానింగ్ సెక్షన్‌కు వెళ్ళాయి. ఇంకా అక్కడే ఉన్నాయట.

తర్వాతిసారి వెళ్తే కౌంటరు అమ్మాయి తెర చూసి, "గతంలో ఆపరేషన్లు లేవని వస్తోందండీ" అంది.

"పిల్ల పొట్ట మీద జానెడు గీత ఉందమ్మా," అంది నా భార్య.

"అది పాత సిస్టమ్‌లో అయ్యుంటుందండీ."

ఇందులో తప్పుపట్టడానికేముంది? తొమ్మిదేళ్ళ జబ్బును ఒక్క మీటతో మాయం చేసిన వైద్యం ఎక్కడైనా విన్నారా?

పోయిన సంవత్సరం నా భార్య చనిపోయింది. ఇది ఆ కథ కాదు కనుక అక్కడితో ఆపుతాను.

కిందటి నెల ఒక మధ్యాహ్నం అమ్మాయికి తరగతిలో జ్వరం వచ్చింది. అరగంటలో ఎమర్జెన్సీలో ఉన్నాం. కొత్త డాక్టరు, చిన్నవాడు, మంచివాడు. "మొదటినుంచి చెప్పండి సార్," అన్నాడు.

మొదలుపెట్టాను. "మూడో నెలలో ఆపరేషన్..."

"యాభై ఎనిమిదో రోజు నాన్నా," కళ్ళు మూసుకునే దిద్దింది మంచం మీది మనిషి.

"పడని మందులేమైనా ఉన్నాయా సార్?"

ఒకటి ఉంది. నాలుగో ఏట అది ఎక్కిస్తే ఒళ్ళంతా దద్దుర్లు లేచి గొంతు బిగుసుకుపోయింది. దాని పేరు? పేరు నా భార్యకు తెలుసు. నేను ఆ రోజు సంచి పట్టుకుని ఉన్నాను.

డాక్టరు తెర మీద వెతికాడు. పడని మందులు: లేవు. ఇంకొంచెం కిందికి వెళ్ళి, ఊరటగా అన్నాడు: "ఇదిగో సార్, వివరాలు చెప్పేవారు తల్లి అని ఉంది. ఆవిడకి ఒక్కసారి ఫోన్ చేసి కనుక్కోండి."

అతని తప్పేమీ లేదు. ఆ తెరలో ఆమె ఇంకా ఉంది.

మా అమ్మాయే చెప్పింది: "అమ్మ లేదండీ. మందు పేరు మాకు తెలీదు. కొంచెం చూసి ఇవ్వండి."

అతను పెద్ద డాక్టర్లిద్దరికి ఫోన్ చేశాడు. వేరే రకం మందు ఎంచుకుని, చుక్కచుక్కగా మొదలుపెట్టి, గంటసేపు మంచం పక్కనే నిలబడ్డాడు. మూడో రోజుకు జ్వరం తగ్గింది.

ఇంటికి వెళ్ళేరోజు వివరాలు చెప్పేవారి గడి మార్పిద్దామని కౌంటరు దగ్గరికి వెళ్ళాం.

"తల్లి బదులు ఎవర్ని రాయమంటారు సార్?"

"నాన్నని వద్దండీ. నాన్నకి తేదీలు నిలవవు. నన్ను రాయండి," అంది మా అమ్మాయి.

కౌంటరు అమ్మాయి రెండుసార్లు నొక్కి చూసింది. "తీసుకోవట్లేదమ్మా. పద్దెనిమిదేళ్ళు నిండాలంట."

"అప్పటిదాకా జ్వరం రాకుండా చూసుకుంటాలెండి," అంది మా అమ్మాయి. కౌంటరులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆపరేషన్ ఒక్క పూట పని. ఆ తర్వాత పిల్ల బతికినంతకాలం ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవలసిన పని. ఆ రెండో పనిని ఎక్కడా రాసిపెట్టకుండా, పూర్తిగా మా జ్ఞాపకశక్తి మీద నమ్మకంతో వదిలిన ఈ ఏర్పాటు చాలా గొప్పదని నా మనవి. ఒక్కటే చిన్న ఇబ్బంది. ఇప్పుడు ఈ కథ తేదీలతో సహా చెప్పగలిగిన మనిషికి పదకొండేళ్ళు. అది చెప్పవలసి వచ్చేది ఆమెకు నూటమూడు జ్వరం ఉన్నప్పుడు.