ఎనభై ఎడమ చేతులు

ఆ రోజు పొద్దున కటింగ్ మాస్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. లేవాలి, పళ్ళు తోముకోవాలి, రాత్రి నిద్ర బ్రహ్మాండంగా పట్టిందని భార్యకు చెప్పాలి, దర్జీ షాపుకి వెళ్ళిపోవాలి. ఈ నాలుగింటిలో మూడోది ఒక్కటే అబద్ధం. నాలుగు పనులకు ఒక్క అబద్ధం పెద్ద పాపమేమీ కాదని ఆయన అద్దంలో చూసుకుంటూ తనకు తానే నచ్చజెప్పుకున్నాడు.

ఆ అబద్ధం వెనక పాత బాకీ లాంటి బాధ ఒకటుంది. ఆయన భార్య ఆసుపత్రిలో, నిద్రపట్టని రోగులను చూసే డాక్టరు గది బయట కూర్చుని చీటీలు రాస్తుంది. పద్దెనిమిదేళ్ళుగా ఆ తలుపు సందులోంచి వినీ వినీ, ఎప్పుడేం తినాలో, ఎప్పుడేం మానాలో ఆవిడకు కంఠతా వచ్చేసింది. వీధిలోవాళ్ళంతా ఆవిణ్ణే అడుగుతారు. ఇంట్లో మాత్రం పెరటి చెట్టు వైద్యానికి పనికిరాలేదు. ఒకసారి నలుగురి ముందు మాస్టరు, "నువ్వు చీటీలు రాసేదానివా, డాక్టరువా?" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆవిడా నవ్వింది కానీ, ఆ తర్వాత ఏడాదిపాటు ఇంట్లో ఎవరికీ ఏ సలహా చెప్పలేదు. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఆయనకు ఇప్పటికీ ఎక్కడో కలుక్కుమంటుంది.

అందుకే, మూడు నెలలుగా నిద్ర సరిగ్గా పట్టక కళ్ళు గుంటలు పడ్డాక, ఆయన తనంతట తానే వెళ్ళి అడిగాడు. "ఏం చేస్తే నిద్ర పడుతుందో నువ్వే చెప్పు. చెప్పినట్టు వింటాను."

ఆవిడ చేతిలోని గరిటె పక్కన పెట్టింది. "నిజంగా వింటారా?"

"వింటానన్నాను కదా."

"అయితే మధ్యాహ్నం పన్నెండు దాటాక కాఫీ, టీ రెండూ బంద్. రాత్రి భోజనం ఆరున్నరకే. అదీ అరకడుపు. తిన్నాక కాసేపు నడవాలి. తర్వాత గోరువెచ్చటి నీళ్ళలో పాదాలు పెట్టుకుని కూర్చోవాలి. పడుకునే ముందు గ్లాసుడు పాలు. ఫోను బీరువాలో. సెలవు రోజైనా సరే, ఒకే టైముకి లేవాలి."

"నాలుగున్నర కాఫీ కూడా మానాలా?"

"అదే ముందు మానాలి."

నాలుగున్నరకు ఆవిడ డ్యూటీ దిగి వచ్చేది. రెండు వీధుల అవతలున్న షాపు నుంచి ఆయనా వచ్చేవాడు. కిటికీ దగ్గర రెండు కుర్చీలు, రెండు కప్పులు, పావుగంట. రోజు మొత్తంలో వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది ఆ పావుగంటే. కాఫీతోపాటు కబుర్లూ పోతాయని ఆ క్షణాన ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. ఆయన ఒక్కడే మానితే బాగుండదని ఆవిడ తన కాఫీ కూడా మానేసింది.

ఇంత చేసినా మొదటి రాత్రి నిద్ర రాలేదు. ఆయన కదిలితే ఆవిడ లేచిపోతుందని, చెయ్యి తిమ్మిరెక్కినా తీయకుండా, కళ్ళు మూసుకుని, ఊపిరి లెక్కపెట్టుకుంటూ తెల్లవార్చాడు. పొద్దున పథకం ప్రకారం ఆ మాట అన్నాడు.

"ఎలా పట్టింది?" అని ఆవిడ అడిగింది.

"మొద్దునిద్ర! దండోరా వేసినా లేచేవాణ్ణి కాదు."

ఆవిడ ముఖం చూస్తే, కూతురికి క్లాసులో ఫస్టు వచ్చిన తల్లి ముఖంలా ఉంది. ఒక నోటుబుక్కు తెచ్చి, తారీఖు వేసి, పక్కన 'బాగా' అని గుండ్రంగా రాసింది. ఇన్నేళ్ళ కాపురంలో తన మాట నెగ్గిన మొదటి రోజు అది. ఆ పేజీ చూశాక మర్నాడు నిజం చెప్పడం మాస్టరు వల్ల కాలేదు. ఆ మర్నాడు అసలే కాలేదు. నోటుబుక్కులో 'బాగా'లు బారులు తీరాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు పెద్దలు. ఆయన అడుసులో రోజుకో అడుగు చొప్పున లోపలికి వెళ్ళాడు.

పదిహేనో రోజున షాపు యజమాని రక్తపోటు చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళాడు. వరండాలో కనబడితే ఆవిడ ఉండబట్టలేక, నోటుబుక్కు తీసి చూపించి మరీ చెప్పేసింది. భర్త మాట విన్నాడన్న సంగతి దాచుకోవడం ఏ ఇల్లాలి తరం? మర్నాడు పొద్దున షాపు గోడకు ఒక కాగితం వేలాడింది. 'మాస్టారి నిద్ర సూత్రాలు' అని పైన పెద్ద అక్షరాలు. కింద మొదటి సూత్రం: మధ్యాహ్నం తర్వాత టీ లేదు. యజమాని టీ కెటిల్‌ను తన గదిలో పెట్టి తాళం వేశాడు.

కుట్టేవాళ్ళు ఆరుగురు. అందరిలోకీ పెద్దది పెద్దక్క. ఆ షాపులో ఆవిడది ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఆవిడ కాగితం చదివి మాస్టరు వైపు తిరిగింది.

"మీ నిద్ర కోసం మేం మెలకువ పోగొట్టుకోవాలా, మాస్టారూ?"

మాస్టరు సుద్దముక్క వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగాడు. అప్పుడే చెప్పేసి ఉంటే పోయేది. కెటిల్ బయటికి వచ్చేది, ఆరుగురూ దీవించేవాళ్ళు. కానీ షాపులో చెబితే సాయంత్రానికల్లా ఇంటికి చేరుతుంది. ఇంట్లో ఆ నోటుబుక్కు ఉంది. ఆయన బల్ల కిందే ఇంకాసేపు సుద్దముక్క వెతికాడు.

నెల తిరిగేసరికి నగర బ్యాండు మేళం వాళ్ళు నలభై ఎర్ర కోట్లకు ఆర్డరిచ్చారు. పెద్ద కవాతు ఉంది, వారంలో కావాలి. యజమాని వెనకాముందూ చూడకుండా ఒప్పుకున్నాడు. "రాత్రంతా హాయిగా పడుకుని వచ్చే మనిషి నా దగ్గరుండగా నాకేం భయం?" అన్నాడు.

కోటు చేతులు కత్తిరించడంలో ఒక కిటుకుంది. సగం గుడ్డను మంచివైపు పైకి, మిగతా సగాన్ని మంచివైపు కిందికి ఉండేలా పరిచి కోస్తే, ఒకే అట్ట నమూనాతో కుడిచేతులూ ఎడమచేతులూ వచ్చేస్తాయి. కొత్తగా పనిలో చేరినవాళ్ళకు మాస్టరు మొదటిరోజు నేర్పే పాఠమే అది. ఆ ఉదయం ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. కాళ్ళు నిలబడే ఉన్నాయి. మధ్యలో ఉన్న మనిషి మాత్రం ఎక్కడికో వెళ్ళిపోయాడు. ఎనభై పొరలనూ మంచివైపు పైకే పరిచాడు. సుద్దతో గీశాడు. ఎప్పటిలాగే గీత మీద గీతలా కోశాడు. కోత అద్భుతంగా వచ్చింది. ఎనభై ముక్కలూ ఎడమచేతులే.

టీ ఉన్న రోజులైతే ఎవరో ఒకరి కంట పడేదేమో. టీ లేని మధ్యాహ్నాల్లో షాపు మొత్తం మిషన్లు తొక్కుతూ తూగుతోంది. చేతులు అతికించే పని పెద్దక్కది. నాలుగు రోజుల్లో నలభై కోట్లకూ అతికించేసింది.

కవాతుకు ముందురోజు మధ్యాహ్నం బ్యాండు మాస్టరు వచ్చి, పెద్ద అద్దం ముందు కోటు తొడుక్కున్నాడు. ఎడమచెయ్యి చక్కగా ముందుకొచ్చింది. కుడిచెయ్యి వీపు వైపు తిరిగింది.

"ఇదేంటండీ, ఈ చెయ్యి నా మాట వినట్లేదు?"

"కొత్త గుడ్డ కదా సార్, ఒకసారి తొడిగితే సర్దుకుంటుంది," అన్నాడు యజమాని.

"సర్దుకోవడమా! వాయించమని సైగ చెయ్యాలంటే ఈ చెయ్యి ఎత్తాలి. ఇలా ఎత్తితే వెనకనున్న గోడకి సైగ చేసినట్టుంది!"

"ఇంకోటి చూడండి సార్."

ఇంకోటి చూశాడు. ఇంకో పది చూశాడు. పదింటికీ కుడిచేతులు వెనక్కే చూస్తున్నాయి. యజమాని ఒక కోటును తిరగేసి కుట్లు చూశాడు, ముక్కలు చూశాడు, ముఖం కందగడ్డ చేసుకుని మిషన్ల వైపు నడిచాడు.

"చేతులు కుట్టిందెవరు?"

"నేనే," అంది పెద్దక్క లేచి నిలబడి.

"ఇన్నేళ్ళ సర్వీసు, కుడికీ ఎడమకీ తేడా తెలియదా? కళ్ళు కనిపించడం లేదా?"

"నాకు ఇచ్చిన ముక్కలే కుట్టాను సార్."

"అంటే మాస్టారు తప్పు కోశారంటావా? రోజూ ఒళ్ళు తెలియకుండా నిద్రపోయి తాజాగా వచ్చే మనిషి! తప్పు ఆయన చేతిలో ఎలా వస్తుంది? రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

పెద్దక్క మాస్టరు వైపు చూసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన మెడలోని టేపు తడుముకున్నాడు. నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకుని టేపు సర్దుకున్నాడు. ఆవిడ దారం ఉండలు డబ్బాలో సర్దుకుని, మిషను మీద గుడ్డ కప్పి వెళ్ళిపోయింది. తన జీవితంలో చేసిన తప్పులన్నిటిలోకీ ఆ మౌనమే పెద్దదని మాస్టరుకు అప్పుడే తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు. అదే ఆయనకు ఎప్పటికీ మింగుడుపడని సంగతి.

ఇంటికి వెళ్ళేసరికి ఆరున్నర భోజనం సిద్ధంగా ఉంది. ఆయన కంచం ముందు కూర్చోలేదు.

"నీకొక మాట చెప్పాలి. నేను నలభై రోజులుగా అబద్ధం చెబుతున్నాను. నాకు ఒక్క రాత్రి కూడా సరిగ్గా నిద్రపట్టలేదు. నీ సూత్రాలు నా దగ్గర పనిచెయ్యలేదు. ఇప్పుడు దానివల్ల పెద్దక్క పని పోయింది."

జరిగిందంతా చెప్పాడు. ఆవిడ కోప్పడుతుందని, ఏడుస్తుందని, కనీసం నోటుబుక్కు చించేస్తుందని ఎదురుచూశాడు. ఆవిడ మెల్లగా కుర్చీలో కూర్చుంది.

"మీకు నిద్రపట్టలేదని నాకు మొదటి రాత్రే తెలుసండీ."

"ఎలా తెలుసు?"

"మీరు నిద్రపోతే గురక పెడతారు."

"నేనా? గురకా?"

"వీధి చివరిదాకా వినిపిస్తుంది. బాధపడతారని ఎప్పుడూ చెప్పలేదు. పెళ్ళైన కొత్తలో చెవుల్లో దూది పెట్టుకునేదాన్ని. తర్వాత అలవాటైపోయి, అది వినపడితే గానీ నాకు నిద్ర రాదు. ఈ నలభై రోజులూ మీరు ఊపిరి లెక్కపెట్టుకుంటుంటే, నేను పక్కనే పడుకుని ఆ లెక్క వింటున్నాను."

మాస్టరు కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు. "మరి ఆ 'బాగా'లు ఎందుకు రాశావు?"

"నా మాట విన్నారన్న ముచ్చట. మీరు నా కోసం అబద్ధం చెబుతున్నారని తెలుసు. ఆ అబద్ధం కూడా బాగుంది. రేపు అడుగుదాం, రేపు అడుగుదాం అనుకున్నాను," అని ఆవిడ కొంగు కళ్ళకు ఒత్తుకుంది. "నిద్రపట్టకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సింది నేనే. పద్దెనిమిదేళ్ళు ఆ తలుపు పక్కన కూర్చుని, మిమ్మల్ని ఆ గడప దాటించలేకపోయాను."

మర్నాడు పొద్దున ఇద్దరూ కలిసి షాపుకి బయలుదేరారు. దారిలో కవాతు ఎదురైంది. రాత్రికి రాత్రే నలభై కోట్ల చేతులూ మోచేతుల పైకి కత్తిరించేసినట్టున్నారు. చలిగాలిలో బోసిచేతులు రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. బాకా ఊదేవాడి పళ్ళు టకటకలాడి పాటలో లేని దరువు ఒకటి వినిపిస్తోంది. మాస్టరు తల వంచుకుని నడిచాడు.

యజమాని అంతా విన్నాడు. విని, కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎంత మంచి మనసు మాస్టారూ మీది! ఆవిడ పని కాపాడటానికి తప్పు మీ నెత్తిన వేసుకుంటున్నారు!"

"కాదు సార్, నాకు నిజంగానే నిద్ర లేదు."

"నేను సాక్ష్యం సార్," అంది భార్య.

"మీరే కదమ్మా ఆసుపత్రిలో ఆ నోటుబుక్కు తీసి చూపించారు? రోజూ 'బాగా' అని మీ చేత్తోనే రాశారు కదా?"

మాస్టరు ఇంకో మాట చెబుదామని గుడ్డ తాను మీద కూర్చున్నాడు. మనసులోని బరువు దిగిందో, నలభై రాత్రుల బాకీ ఒక్కసారి మీద పడిందో, ఆ మాట పూర్తికాలేదు. తల గోడకు వాలింది. మొదటి గురకకు కిటికీ అద్దం అదిరింది. రెండో గురకకు మిషన్లు ఆగిపోయాయి. మూడో గురక పూర్తయ్యేలోపే, పక్క తాను మీద కూర్చున్న ఆయన భార్య కూడా నిద్రలోకి జారుకుంది. యజమాని కాసేపు ఇద్దరినీ మార్చిమార్చి చూశాడు. తర్వాత లేచి, గోడ మీది కాగితం పీకి, మధ్యాహ్నం దాకా ఆగి, పెద్దక్కను ఇంటికి వెళ్ళి తీసుకురమ్మని మాస్టరును లేపాడు.

పెద్దక్క వాకిట్లో కూర్చుని ఉంది. ముక్కు మీద కొత్త కళ్ళజోడు. మాస్టరు గుమ్మం దగ్గరే నిలబడి, చేతులు జోడించి, ఎనభై ముక్కలూ తన తప్పేనని, నిన్న నోరు విప్పకపోవడం అంతకంటే పెద్ద తప్పని, యజమాని మళ్ళీ పనికి రమ్మంటున్నాడని చెప్పాడు.

"మొదటి కోటు కుట్టేటప్పుడే చెయ్యి తేడాగా అనిపించింది మాస్టారూ," అందావిడ. "కానీ కోసింది మీరు. ఇన్నేళ్ళలో మీ కత్తెర ఒక్కసారి తప్పలేదు. తప్పు నా కళ్ళదే అనుకున్నాను. నిన్న అటునుంచి అటే వెళ్ళి ఇది కొనుక్కున్నాను. పెట్టుకున్నప్పట్నుంచి గడప ఎత్తుగా కనిపిస్తోంది, రెండుసార్లు తట్టుకున్నాను."

మాస్టరు ఆ కళ్ళజోడు వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ దాన్ని తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

ఒకసారి అమ్మిన కళ్ళజోడును దుకాణం వాళ్ళు వెనక్కి తీసుకోరట.