రూతమ్మ చెప్పని మనవి

హనుమకొండలోని ఆ సంఘంలో చాడీలు చెప్పుకోవడం పూర్తిగా మానేశారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఇప్పుడక్కడ ఒకరి గురించి ఒకరు ప్రార్థన మాత్రమే చేసుకుంటారు. ప్రార్థన చేయాలంటే ఎదుటివాళ్ల కష్టమేమిటో తెలియాలి కదా, అందుకని ముందు విషయం సేకరిస్తారు. సేకరించినది చాలకపోతే మిగతాది ఊహిస్తారు. శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో గృహప్రార్థన ఉంటుంది. మిర్చి బజ్జీలు, చాయ్ పూర్తయ్యేసరికి సంఘంలోని కష్టాలన్నీ అందరికీ తెలిసిపోతాయి. దేవుడికి చివర్లో చెబుతారు.

ఈ ఏర్పాటుకు వెన్నెముక సంఘ కార్యదర్శి సుందర్ రావుగారు. డిగ్రీ కాలేజీలో తల నెరిసేదాకా మనస్తత్వశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆయనకు పేరు తెచ్చిన పాఠం ఒకటుంది. మామూలు ముఖం ఉన్న ఒక మనిషి ఫొటోను 'ఎ' సెక్షన్‌కు చూపించి, "ఈయన పిల్లల డాక్టరు. ముఖం చూస్తే మీకేమనిపిస్తోంది?" అని అడిగేవారు. విద్యార్థులకు ఆ కళ్లలో దయ, ఆ పెదవుల మీద ఓర్పు కనిపించేవి. అదే ఫొటోను 'బి' సెక్షన్‌కు చూపించి, "వీడు ఇద్దరిని చంపి జైల్లో ఉన్నాడు" అనేవారు. అవే కళ్లలో క్రూరత్వం, అవే పెదవుల మీద విషపు నవ్వు కనిపించేవి. "చూశారా! ముందు చెవిన పడ్డ చెడ్డ మాట, తర్వాత కంటికి కనిపించేదాన్నంతా తన రంగులోకి మార్చేస్తుంది. మనిషి బలహీనత ఇదే!" అని బల్ల చరిచి పాఠం ముగించేవారు. మనిషి అన్నప్పుడు ఆయన తనను కలుపుకోలేదు. ఫొటోలోని మనిషి ఆయన భార్య సుగుణమ్మకు స్వయానా తమ్ముడు. ఆ సంగతి ఒక పాత విద్యార్థి ద్వారా ఆమెకు తెలిసిన రోజున సుందర్ రావుగారికి ఇంట్లో చాయ్ దొరకలేదు.

రిటైరయ్యాక ఆయనకు తరగతి గది పోయి మైకు దొరికింది. ఆరాధన చివర్లో ప్రకటనలు చేయడం కార్యదర్శి విధి. "రెండే రెండు మాటలు" అని ఆయన మొదలుపెడితే వచ్చే వారం కార్యక్రమాలు, పోయిన వారం కార్యక్రమాలు, చెప్పులు విడిచే పద్ధతి, స్కూటర్లు నిలిపే పద్ధతి, మానవ మనసులోని లోతులు అన్నీ వరసగా వచ్చేవి. హాలు ఖాళీ అయితేగానీ అందులో సండే స్కూలు మొదలు కాదు. పిల్లలు బయట ఎండలో నిలబడి, ఒకరినొకరు గిల్లుకుని, ఏడ్చి, చివరికి తల్లుల చేతులు పట్టుకుని ఇళ్లకు పోయేవారు. సండే స్కూలు టీచరు రూతమ్మ మిగిలిన కొద్దిమందితోనే పాట అందుకునేది. సుందర్ రావుగారు ఇదంతా గమనించకపోలేదు. ఈ కాలపు తల్లిదండ్రులకు పిల్లల ఆత్మీయ జీవితం మీద శ్రద్ధ తగ్గిపోయిందని మైకులో చాలాసేపు బాధపడ్డారు కూడా.

ఇలా సంఘం సుఖంగా సాగుతుండగా ఒక ఆదివారం బయటి ఊరి ప్రసంగీకుడు వచ్చాడు. పూర్వం ఒకడు దొంగసొత్తు తన గుడారంలో పాతిపెట్టినందుకు సైన్యమంతా ఓడిపోయిన ఉదంతం ఎత్తుకున్నాడు. "ఈ హాల్లో కూడా ఒకరు దాచారు! నాకు కనబడుతోంది! ఆ ఒక్కరి వల్లనే మీ అందరి దీవెనలూ ఆగిపోయాయి!" అంటూ వేలు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాడు. వేలు తమ మీదుగా పోతున్నప్పుడు ప్రతి ఒక్కరూ పక్కవాళ్లను చూశారు. ఆయనకు ఏ ఊరు వెళ్లినా ఇలాగే కనబడుతుందని చాలా రోజుల తర్వాత తెలిసింది.

సరిగ్గా ఆ ప్రసంగం వెనకే ప్రార్థన మనవుల సమయం వచ్చింది. మైకు సుందర్ రావుగారి చేతిలోనే ఉంది. ఒకరు మోకాళ్ల నొప్పి చెప్పారు. ఒకరు కొడుకు ఎంసెట్ చెప్పారు. తర్వాత రూతమ్మ లేచింది.

"సారూ, నాదొక మనవి ఉన్నది. ఏందన్నది ఈడ చెప్పరాదు. ఏండ్ల సంది మోస్తాన్న. దేవునికి తెల్సు. జర అందరు ప్రార్థన చెయ్యుండ్రి."

ఆ మాట అని, సుందర్ రావుగారి వైపు ఒక్కసారి చూసి, తల దించుకుని కూర్చుంది.

చెప్పుకోలేని మనవి ఆ సంఘంలో కొత్తదేమీ కాదు. అంతకుముందు వారమే, దీవెనల గురించి ఒక చల్లని ప్రసంగం అయ్యాక, కమిటీ సభ్యుడు భానుచందర్ కూడా అలాగే లేచి, చెప్పుకోలేని మనవి ఒకటి ఉందన్నాడు. కొత్త ఇల్లు కడుతున్నాడని అందరూ అనుకుని చెయ్యి కలిపి అభినందించారు. ఒక పెద్దాయన ఏ సిమెంటు మంచిదో కూడా చెప్పాడు. నిజానికి భానుచందర్‌కు మొలలు. ఆయన ఎవరినీ నిరుత్సాహపరచలేదు.

రూతమ్మ విషయంలో మాత్రం ఎవరికీ సిమెంటు గుర్తుకు రాలేదు. అందరికీ గుడారమే గుర్తొచ్చింది. ఆమె తన వైపు చూసిన చూపును సుందర్ రావుగారు శాస్త్రీయంగా పరిశీలించారు. మనస్తత్వశాస్త్రం తెలిసిన కంటికి దొరికిపోతానేమోనన్న భయం అందులో ఉందని తేల్చారు.

రూతమ్మ ఇల్లు ఆయన ఇంటికి ఎదురుగానే ఉండడం పరిశోధనకు బాగా కలిసొచ్చింది. పట్టపగలు కూడా ఆమె ఇంటి కిటికీలన్నీ మూసి ఉండడం ఆయన గమనించారు. ఈ గమనింపు తన ఇంటి కిటికీ రెక్కల సందులోంచి జరిగింది. కోతుల భయానికి ఆ వీధిలో ఎవరూ కిటికీలు తెరిచి చాలా కాలమైంది.

"మనం ఏస్కోలేదా కిటికీలు? మొన్న కోతి లోపలికొచ్చి అరటిపండ్లు మొత్తం ఎత్కపోయె, యాది లేదా?" అన్నది సుగుణమ్మ.

"మనవి కోతుల కోసం మూసినవి. వాళ్లవి ఎందుకు మూశారు? అదీ ప్రశ్న" అన్నారు సుందర్ రావుగారు.

ఆధారాలు వాటంతటవే వచ్చి పడసాగాయి. రూతమ్మ భర్త శామ్యూల్ కాజీపేటలో రైలింజను నడుపుతాడు. డ్యూటీ పడిన ఆదివారం మందిరానికి రాడు. ఏళ్లుగా జరుగుతున్నదే అయినా, ముఖం చెల్లక రావడం లేదన్న సంగతి ఇప్పుడు తెలిసింది. రూతమ్మ ఫ్యాను కింద కూర్చోవడానికి వెనక బెంచీకి మారితే, ముందు కూర్చోవడానికి మనస్సాక్షి ఒప్పుకోలేదని అర్థమైంది. ఎదురుపడి నవ్వుతూ వందనాలు చెబితే ఎంత ధైర్యమో అనుకున్నారు. నవ్వకుండా చెబితే లోపల తొలుస్తోందన్నారు. ఒక మధ్యాహ్నం మజర్ ఆటోలో పెద్ద సంచి ఒకటి ఆమె ఇంటి ముందు దిగింది. సుందర్ రావుగారు చెప్పులు కూడా వేసుకోకుండా బయటికొచ్చి, "ఏం సంచి మజర్ అది?" అని అడిగారు.

"ఏమో సార్. మస్తు బరువున్నది. నా నడుం వట్టింది" అన్నాడు మజర్.

ఆ శుక్రవారం గృహప్రార్థన సుందర్ రావుగారి ఇంట్లో జరిగింది. ఎన్నడూ రానివాళ్లు కూడా వచ్చారు. బజ్జీలు రెండోసారి వేయాల్సి వచ్చింది. దొంగ సొమ్మని ఒకరు, శామ్యూల్ తాగుడు మొదలుపెట్టాడని ఇంకొకరు, రెండూ కావచ్చునని మూడోవారు భారంతో పంచుకున్నారు. "ప్రభువా, గుడారంలో దాచినవారెవరో నీకు తెలుసు. మాకూ తెలుసు. ఆమె పేరు మేము పలకము" అని సుందర్ రావుగారు కన్నీళ్లతో ముగించారు. ఆ కన్నీళ్లు నిజమైనవని ఇక్కడ చెప్పాలి. రూతమ్మ మీద ఆయనకు కోపమేమీ లేదు. ఆమె మేలు కోరే ఆయన ఇంత పని పెట్టుకున్నారు.

తర్వాతి అడుగు కూడా మేలు కోరే వేశారు. పాస్టరు రాజేష్‌గారి గదిలో కమిటీ కూర్చుంది. రూతమ్మను పిలిపించి ఎదురుగా నిలబెట్టారు. సుందర్ రావుగారు గొంతు సవరించుకున్నారు.

"సహోదరి రూతమ్మగారు మన పిల్లలకు చేసిన సేవ మరువరానిది. కనుక ఆమె మనశ్శాంతిని దృష్టిలో ఉంచుకుని, సండే స్కూలు భారం నుంచి ఆమెను ప్రేమపూర్వకంగా విడుదల చేయాలని ప్రతిపాదిస్తున్నాను. ఇది శిక్ష కాదు. విశ్రాంతి."

ఆ విశ్రాంతి మాట వినగానే రూతమ్మ ముఖం పాలిపోయింది. ఆమెకు ఆదివారం అంటే ఆ పిల్లలే. పాస్టరుగారు ఇబ్బందిగా కదిలి, "ఆ మనవి ఏందో చెప్తే అయిపోతది కదమ్మా" అన్నారు.

"చెప్తే సారుకు బాధైతది."

"చెప్పమ్మా. సత్యానికి మేమెప్పుడూ భయపడలేదు" అన్నారు సుందర్ రావుగారు.

"ఆ ముచ్చట మీ గురించే సారూ. మీరు మైకు వట్టుకుంటె ఇడువరు. పిల్లలు ఎండల నిలవడి ఆకలైతాందని ఏడ్చుకుంట ఇండ్లకు పోతాండ్రు. దేవా, సారు జర జల్ది మైకు పెట్టెటట్టు చెయ్యమని ఏండ్ల సంది మొక్కుతాన్న. నా ఒక్కదాని మొర చాలుతలేదేమో అని అందరిని చెయ్యమన్న. మైకు మీ చేతులనే ఉండె. మీ ముంగట మీ ముచ్చట ఎట్ల చెప్పుదు?"



"మరి ఆ సంచి?" అన్నారు సుందర్ రావుగారు.

"కొత్తవాడల నేతోళ్లను అడిగి పాత జంపఖానాలు తెచ్చిన. హాలు ఎట్లా ఖాళీ కాదాయె, గోడ నీడకు పరిచి పిల్లలను కూసోబెట్టుదామని. నన్ను ఏమన్న అనుకోండ్రి సారూ. పిల్లలను మాత్రం నా కాడికెల్లి తియ్యకుండ్రి" అని రూతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భానుచందర్ వెంటనే వంగి సుందర్ రావుగారి చెవిలో చెప్పాడు. "చూసిండ్రా సార్. అసలుది దాచి మీ మీదికి తోస్తాంది. తప్పు చేసినోళ్లు గిట్లనే చేస్తరు."

ఆ మాట ఎంత హాయిగా ఉందంటే, సుందర్ రావుగారు దాన్ని దాదాపు ఒప్పుకున్నారు. ఒప్పుకుంటే ఆయన మాటా నిలుస్తుంది, మైకూ నిలుస్తుంది. నిజమేనేమో చూద్దామని రూతమ్మ ముఖంలోకి చూశారు. తన కూతురు సుప్రియకు చిన్నప్పుడు సండే స్కూల్లో మొదటి పాట నేర్పిన మనిషి ముఖం అది. ఇన్నాళ్లూ ఆ ముఖంలో ఆయన ఎన్ని చూశారు! ఫొటో గుర్తొచ్చింది. 'బి' సెక్షన్ గుర్తొచ్చింది. ఆ సెక్షన్లో అందరికన్నా వెనక బెంచీలో తానే కూర్చుని, అందరికన్నా ముందు చెయ్యెత్తుతున్నట్టు అనిపించింది. సిగ్గుతో ఆయనకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నాను. తప్పు నాది" అన్నారు. ఆయన జీవితంలో అంత చిన్న ఉపన్యాసం అదే మొదటిది.

రెండోది తర్వాతి ఆదివారం ఇచ్చారు. రూతమ్మ పేరెత్తి ఆమెను మళ్లీ నలుగురి నోళ్లలో పడేయకూడదనుకుని, మైకు తీసుకుని ఇంతే అన్నారు. "నేను చాలా తప్పు చేశాను. సిగ్గుపడుతున్నాను. నా కోసం ప్రార్థన చేయండి." మైకు పెట్టేసి గబగబా బయటికి నడిచారు. చెప్పుల గురించి, స్కూటర్ల గురించి ఒక్క మాట లేదు. పిల్లలు కేకలు వేస్తూ హాల్లోకి పరుగెత్తారు. జంపఖానాలు చాలక సగంమంది నేల మీద కూర్చున్నారు. గేటు దగ్గర నిలబడి వాళ్ల పాట వింటుంటే సుందర్ రావుగారికి కళ్లు చెమ్మగిల్లాయి. ఇంత మంచి పాటకు తాను అడ్డం నిలబడ్డానా అని ఏడుపొచ్చింది.

ఆ కళ్లను చాలామంది చూశారు. ప్రసంగీకుడి వేలు ఇంకా ఎవరూ మరిచిపోలేదు.

"సారు మైకు ఇడిచిండంటె చిన్న ముచ్చటైతె కాదు" అన్నారు స్కూటర్ల దగ్గర. ఆయన ఇంటి కిటికీలు ఎప్పుడు చూసినా మూసే ఉంటాయన్న సంగతి అప్పుడు అందరికీ తట్టింది. రూతమ్మ మనసు ఆగక, "సారు మంచోడు, ఆయనను ఏమనకుండ్రి" అని ఇంటింటికీ తిరిగి చెప్పింది. ఇంతగా వెనకేసుకొస్తోందంటే దాచినదాంట్లో ఈమెకూ భాగం ఉందని తేలింది. మర్నాడు సుందర్ రావుగారు, సుగుణమ్మ ఒక పెద్ద సంచితో మజర్ ఆటో ఎక్కి బస్టాండుకు వెళ్లారు. ములుగులో ఉన్న బావమరిది ఇంటికి మిఠాయిలు పట్టుకుని, ఇన్నేళ్లూ అతన్ని హంతకుణ్ని చేసినందుకు క్షమాపణ అడగడానికి బయలుదేరారు. మజర్‌ను అడిగితే సంచి బరువుగానే ఉందన్నాడు. ఆ శుక్రవారం గృహప్రార్థన భానుచందర్ ఇంట్లో జరిగింది. బజ్జీలు మూడుసార్లు వేయాల్సి వచ్చింది.

ఇదంతా చదివిన మీరు అలాంటివారు కారని మాకు తెలుసు. సంచిలో మిఠాయిలు ఉన్నాయని మేము చెప్పగానే నమ్మారు. మేమూ నమ్మాం. అయితే బావమరిదికి మిఠాయిలు ఇవ్వడానికి అంత పెద్ద సంచి ఎందుకో మాత్రం మాకు అంతుపట్టలేదు. ఎవరినీ ఏమీ అనడం లేదు. ఊరికే ప్రార్థన చేస్తున్నాం.