ఎందుకైనా మంచిదని చేయించిన పరీక్షలు

ఆ శనివారం పొద్దున ఇస్సాకు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య లిదియాను స్కూటరు మీద ల్యాబుకు తీసుకుపోయి, రక్తం ఇప్పించి, వచ్చేటప్పుడు ఇడ్లీ తిని ఇంటికి చేరాలి. ఆ ఇడ్లీ ఒక్కటి తిని ఊరుకుని ఉంటే ఇంత రభస జరిగేదే కాదు పాపం.

ఇస్సాకు సుబేదారిలోని ఒక సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటు. అడిగిన కాగితం ఒకటైతే పది జతపరిచే మనిషి. పైవాళ్లు కొర్రీ వేసి ఫైలు వెనక్కి పంపకూడదు, అంతే ఆయన జీవితాశయం. సర్వీసులో ఇంతవరకు ఒక్క కొర్రీ పడలేదని పెళ్లిళ్లలో కూడా చెప్పుకుంటాడు.

నెలసరి ఆగిపోయాక లిదియాకు నిద్ర కరువైంది. ఒంట్లోంచి ఆవిర్లు, చెమటలు. డిసెంబరు చలిలోనూ ఫ్యాను వేసుకుని కూర్చునేది. చర్చి కోయిర్‌లో ముందు నిలబడి పాడే మనిషి, చరణం మధ్యలో ఆగిపోయేది. చివరికి డాక్టర్ విజయలక్ష్మి హార్మోన్ జెల్ రాసిచ్చింది. రోజూ సాయంత్రం స్నానమయ్యాక చేతికి రాసుకోవాలి, పడుకునే ముందు ఒక గోలీ వేసుకోవాలి. కొన్ని వారాలకే లిదియా మళ్లీ మనిషైంది. ఈస్టర్ ఆరాధనలో ఒక్కరే పాడే పాట ఆమెకిచ్చారు. వంటింట్లో గిన్నెలు తోముతూ అదే పాట పాడుకునేది. ఆమె పెట్టిన షరతు ఒక్కటే, ఈ మందు సంగతి గడప దాటకూడదు.

పరీక్షలేమీ అక్కర్లేదు, ఈస్టర్ అయ్యాక ఒకసారి వచ్చి ఎలా ఉందో చెప్పిపోతే చాలని డాక్టరు అన్నది. ఇస్సాకుకు ఆ మాట మింగుడు పడలేదు. వట్టి చేతులతో డాక్టరు దగ్గరికి పోవడమేమిటి? బయల్దేరేముందు భార్యకు ఒక సలహా కూడా ఇచ్చాడు.

"మందు రాసుకొని రా. లేకుంటే రక్తంల ఎట్ల కనపడతది? జర ఎక్కువనే రాసుకో."

లిదియా నసుగుతూనే భుజం నుంచి మోచేతి మడత దాకా పట్టించుకుంది. ల్యాబులో ఓంప్రకాశ్ అనే కుర్రాడు ఏ పరీక్షలు కావాలని అడిగితే, హార్మోన్లకు సంబంధించి ఎన్నుంటే అన్నీ చేసెయ్యమన్నాడు ఇస్సాకు. ఎందుకైనా మంచిదట. నరం బాగా కనబడుతున్నదని ఓంప్రకాశ్ ఆ చేతికే సూది గుచ్చాడు.

సాయంత్రానికి ఫోనులో రిపోర్టు వచ్చింది. జెల్‌లో ఉండే హార్మోనే ఉండాల్సినదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, పక్కన ఎర్ర బాణం. ఇస్సాకు పేరైనా వినని మరో రెండు హార్మోన్లకు కూడా ఎర్ర బాణాలే.  ఇస్సాకు ఫోనులో వెతికి, అన్నిటికన్నా భయంకరమైన రోగం పేరు దొరికేదాకా చదివి, జెల్ ట్యూబు తీసి తన ఆఫీసు బ్యాగులో దాచేశాడు.

"నాకు మంచిగనే ఉంది కదా, షారోన్ డాడీ," అన్నది లిదియా.

"నీకేం ఎరుక? రిపోర్టుల చూడు."

పాస్టర్ శాంసన్ ఒక్కడికే చెప్పి ప్రార్థన చేయించాలనుకున్నాడు. కానీ ఒక్కరి ప్రార్థన సరిపోతుందా? ఎందుకైనా మంచిదని చర్చి వాట్సాప్ గ్రూపు మొత్తానికి పెట్టాడు, రిపోర్టు జతపరిచి మరీ. ఆదివారం పాస్టరు నిండు మనసుతో మైకులో 'మన సహోదరి లిదియా హార్మోన్ల నిమిత్తం' ప్రార్థించాడు. ఆమెన్ అని చర్చి అదిరిపోయింది. మధ్యాహ్నానికి ఇంటినిండా దానిమ్మపళ్లు, బీట్రూట్లు, మరిపెడలో ఎవరి మేనత్తకో ఇలాగే అయిందన్న కబుర్లు. కోయిర్ పెద్ద విన్సెంట్ వచ్చి, "నువ్వు రెస్టు తీసుకో అక్కా," అని ఆప్యాయంగా చెప్పి పాటను జెస్సికాకు ఇచ్చేశాడు. లిదియా లేచి వంటింట్లోకి పోయింది. అందరికీ టీ పెట్టింది.

చెమటలు మళ్లీ మొదలయ్యాయి. ఈస్టర్ నాడు జెస్సికా పాడుతుంటే లిదియా చివరి వరుసలో కొంగుతో మెడ తుడుచుకుంటూ కూర్చుంది. పాటతోపాటు ఆమె పెదవులు కదలడం ఇస్సాకు చూశాడు. చూసి, తలదించుకున్నాడు. ఆ పాట ఎంత బాగుందో కూడా ఆయనకు వినబడలేదు.

మర్నాడు డాక్టర్ విజయలక్ష్మి రిపోర్టు చూసి, ఆ పొద్దున జెల్ ఎక్కడ రాసుకున్నావని లిదియాను అడిగింది. లిదియా మోచేతి మడత చూపింది. రక్తం ఎక్కడ తీశారంటే అక్కడే చూపింది. డాక్టరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. సూది చర్మం మీది మందును తాకుతూ పోయింది కాబట్టి ఆ అంకెను నమ్మడానికి లేదనీ, మిగతావి ఈ మందుకు అవసరమే లేని పరీక్షలనీ చెప్పింది. ఎప్పుడైనా ఒకటి చేయించాల్సి వచ్చినా, మందు రాయని చేతి నుంచి తీయించాలట.

"నేను చూసేది బీపీ ఒక్కటే సార్. మిగిలింది ఆమెను అడుగుడే. నిద్ర పడుతుందా, ఆవిర్లు తగ్గినయా అని. మీరు అడిగిండ్రా?"

ఇస్సాకు ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు. అన్ని పరీక్షలు చేయించిన మనిషి ఆ ఒక్క మాట అడగలేదు. ఆమె తనంతట చెప్పినా వినలేదు.

బయట స్కూటరు దగ్గర ఆఫీసు బ్యాగులోంచి ట్యూబు తీసి భార్య చేతిలో పెట్టాడు. 

"తప్పయింది లిదియా. రాత్రి నిద్ర పట్టిందా?"

"గ్రూపుల అడుగుండ్రి. నాకంటె వాళ్లకే ఎక్కువ ఎరుక," అని లిదియా ఆటో పిలుచుకుని ఎక్కేసింది.

సర్వీసు మొత్తంలో ఇస్సాకుకు కొర్రీ పడటం అదే మొదటిసారి.